కర్బనం లెక్క కోసం ఇంటి గుట్టు ఇచ్చేయకండి

ఇంటి కరెంటు వాడకాన్ని క్షణక్షణం కొలిచి, దాని వల్ల ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో ఫోనులో చూపించే పరికరాలు ఇప్పుడు ఎవరికైనా అందుబాటులోకి వచ్చాయి. గోడ సాకెట్టులో పెట్టే స్మార్ట్ ప్లగ్గు, ఎంసీబీ పెట్టెలో మెయిన్ తీగ చుట్టూ బిగించే క్లాంపు, వైఫైతో వచ్చే ఏసీ, డాబా మీది సోలార్ ఇన్వర్టరుకు తగిలించే డాంగిల్. వీటికి తోడు కరెంటు సంస్థలే తెచ్చి బిగిస్తున్న స్మార్ట్ మీటరు. వాతావరణం గురించి నిజంగా బెంగపడే వాళ్లే, పిల్లలకు పొదుపు నేర్పాలనుకునే వాళ్లే వీటిని ముందుగా ఇంటికి తెస్తున్నారు. ఈ హెచ్చరిక వాళ్లకే. ఆ పరికరానికి కర్బనం కనిపించదు, కరెంటు మాత్రమే కనిపిస్తుంది. ఆ కరెంటులో మీ ఇల్లంతా కనిపిస్తుంది: ఎవరు ఎన్నింటికి లేచారు, ఎప్పుడు స్నానం చేశారు, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఇల్లు తాళం వేసి ఉందా. ఆ వివరం మీ గోడ దాటి ఎవరి సర్వరుకు పోతోందో, అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో తెలుసుకోకుండా ఏ పరికరాన్నీ ప్లగ్గులో పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రాత్రే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

కొలవడం తప్పని ఎవరూ అనరు. మన దేశంలో పుట్టే ప్రతి నూరు యూనిట్ల కరెంటులో డెబ్భైకి పైగా బొగ్గు కాల్చగా వచ్చినవే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే లెక్క ప్రకారం ఒక యూనిట్ కరెంటు వెనుక దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే నెలకు 200 యూనిట్లు వాడే ఇంటి వాటా 140 కిలోలు. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల ఎండలో బతికేవాడికి ఈ లెక్క పట్టనిది కాదు. ఇంటింటికీ తన వాటా తెలియాలి, తగ్గించుకోవాలి. తెలుసుకునే దారి మాత్రం మన చేతిలో ఉండాలి.

కరెంటు తీగ ఇంత మాట్లాడుతుందని ముందుగా కనిపెట్టినవాళ్లలో ఒకడు అమెరికాలోని ఎంఐటీ పరిశోధకుడు జార్జ్ హార్ట్. 1980ల్లో ఆయన ఒక పద్ధతి తయారుచేశాడు. ఇంట్లో ఒక్కో వస్తువుకూ ఒక్కో మీటరు పెట్టనక్కర్లేదు. ఇంటి మొత్తానికి వచ్చే మెయిన్ తీగ మీద కరెంటు ఎలా పెరిగి తగ్గుతోందో చూస్తే చాలు, ఫ్రిజ్ ఎప్పుడు మొదలైంది, మోటారు ఎప్పుడు ఆగింది విడదీసి చెప్పవచ్చు. ఏ వస్తువు నడక దానిదే. గీజరు ఒక్కసారిగా రెండు వేల వాట్లు లాగి, నీళ్లు కాగాక ఒక్కసారిగా వదులుతుంది. ఫ్రిజ్ కాసేపు నడిచి, కాసేపు ఆగి, మళ్లీ నడుస్తుంది. గ్రైండరు తీరు ఒకటి, మిక్సీ తీరు ఇంకొకటి. నేటి కర్బన యాప్‌లలో కొన్నిటికి పునాది ఆ పద్ధతే. ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ హార్టే 1989లో ఒక వ్యాసం రాసి, ఈ విద్య ఇళ్ల మీద నిఘాకు పనికొస్తుందని, జాగ్రత్తపడాలని హెచ్చరించాడు. కనిపెట్టినవాడే చెప్పిన మాట అది. అప్పటికి ఇళ్లలో ఇంటర్నెట్ లేదు, చేతుల్లో ఫోన్లు లేవు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, హెచ్చరిక మాత్రం మరుగున పడింది.

2011లో జర్మనీలోని మున్‌స్టర్ పరిశోధకులు ఇంకొంచెం ముందుకెళ్లారు. రెండు సెకన్లకోసారి రీడింగు పంపే ఒక ఇంటి స్మార్ట్ మీటరు సమాచారాన్ని తీసుకుని, ఆ ఇంట్లో టీవీలో ఏ సినిమా నడుస్తోందో కూడా గుర్తుపట్టవచ్చని చూపించారు. తెర మీద వెలుగు చీకట్లు మారేకొద్దీ టీవీ లాగే కరెంటు మారుతుంది, ఆ హెచ్చుతగ్గులే సినిమా పేరు చెప్పేశాయి. అంత సూక్ష్మంగా మన కరెంటు పంపిణీ సంస్థల మీటర్లు పంపవు. వాటి నుంచి సాధారణంగా అరగంటకో పావుగంటకో ఒక రీడింగు పోతుంది. కానీ కొన్న స్మార్ట్ ప్లగ్గులు, క్లాంపులు సెకన్ల లెక్కనే చూస్తాయి. దాన్ని గొప్పగా పెట్టె మీద అచ్చువేసి మరీ అమ్ముతారు.

అరగంట రీడింగు మాత్రం తక్కువేమీ చెప్పదు. తెల్లవారుజామున అయిదింటికి మోటారు, ఆరింటికి గీజరు, ఏడింటికి మిక్సీ నడిచే ఇంట్లో సంక్రాంతికి మూడు రోజులు ఫ్రిజ్ తప్ప ఏదీ నడవకపోతే ఆ ఇంటివాళ్లు ఊరెళ్లారని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రాత్రి రెండింటికి రోజూ దీపం వెలుగుతుంటే ఆ ఇంట్లో పసిబిడ్డో జబ్బు మనిషో ఉండవచ్చు. ఈ సమాచారం దొంగకు పనికొస్తుంది, బీమా కంపెనీకి పనికొస్తుంది, వస్తువులు అమ్మేవాడికీ అప్పులిచ్చేవాడికీ పనికొస్తుంది. వాళ్ల చేతికి ఇప్పటికే వెళ్లిందని చెప్పడం లేదు. వెళ్లకుండా ఆపే తలుపు ఏదని అడుగుతున్నాను.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్న అడిగారు. నెదర్లాండ్స్ ప్రభుత్వం ప్రతి ఇంటికీ స్మార్ట్ మీటరు తప్పనిసరి చేయబోతే, 2009లో అక్కడి పార్లమెంటు ఎగువసభ ఆ బిల్లును ఆపేసింది. ఇంటి మనుషుల ఏకాంతానికి భంగమని వినియోగదారుల సంఘం చేయించిన అధ్యయనం తేల్చడం అందుకు పెద్ద కారణం. తర్వాత చట్టం మారింది. వద్దనే హక్కు, మీటరు ఉన్నా దాని రీడింగులు పంపకుండా ఆపించుకునే హక్కు అక్కడి జనానికి దక్కాయి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్ అనే ఊళ్లో పావుగంట రీడింగుల మీద జనం కోర్టుకెక్కారు. 2018లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు రెండు మాటలు చెప్పింది. పురపాలక విద్యుత్ సంస్థ పావుగంటకోసారి రీడింగు తీసుకోవడమంటే ఇంటిని సోదా చేయడమే అన్నది మొదటి మాట. కరెంటు సరఫరా నిర్వహణ కోసమే వాడుతున్నారు కాబట్టి ఆ సోదా సమంజసమే అన్నది రెండో మాట. ఇంకా తక్కువ వ్యవధిలో రీడింగులు తీసుకున్నా, పోలీసులకు తేలిగ్గా అందినా తీర్పు వేరుగా ఉండవచ్చని కూడా చెప్పింది. ఓడిపోయిన పిటిషనర్లే ఒక పెద్ద సూత్రాన్ని గెలిచారు: కరెంటు రీడింగు అంటే ఇంటి లోపలి చూపు.

మన దగ్గర 2021లో కేంద్రం విద్యుత్ పంపిణీ సంస్థల కోసం తెచ్చిన పథకంలో 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. తొలి గడువు 2025 మార్చి దాటిపోయింది, పని మాత్రం సాగుతూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆఫీసులకూ దుకాణాలకూ మీటర్లు మారుస్తుంటే వామపక్షాలు వీధుల్లోకి వచ్చాయి. ఆ చర్చంతా బిల్లు పెరుగుతుందా, మీటరు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అన్న దాని చుట్టూనే తిరిగింది. అవీ న్యాయమైన ప్రశ్నలే. కానీ అరగంటకోసారి మన ఇంటి నుంచి బయటికి పోయే రీడింగు ఎవరి దగ్గర ఉంటుంది, మీటర్లు బిగించి నడిపే ప్రైవేటు సంస్థకు ఎంతవరకు కనిపిస్తుంది, ఎన్నేళ్లకు చెరిపేస్తారు అన్న ప్రశ్న ఆ గోలలో వినపడలేదు. ఇప్పుడు వినపడాలి. కోట్ల మీటర్లు గోడలకెక్కాక నిబంధనలు మార్చడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం లేదని కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆరేళ్లకు, 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, వాటిలో ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. పరికరాలేమో ఆ గడువు కోసం ఆగడం లేదు. చట్టం అమల్లోకి వచ్చినా దానికి ఒక హద్దుంది: ఒక వ్యక్తి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో సమాచారం వాడుకుంటే ఆ చట్టం వర్తించదు. మామూలుగా చూస్తే ఇది సబబైన మినహాయింపే. కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే ప్రమాదం సరిగ్గా ఆ మినహాయింపు లోపలే ఉంది.

యాప్ ఎవరి ఫోనులో ఉంది? చాలా ఇళ్లలో ఇంటి యజమాని ఫోనులోనే. ఆయన ఆఫీసులో ఉంటాడు. ఇంట్లో కోడలో, భార్యో, ముసలితల్లో, పనిమనిషో ఉంటారు. "మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఎందుకు వేశావు?" "పొద్దున్నే గీజరు నలభై నిమిషాలు ఆన్‌లో ఉంది, ఎవరు?" "నేను ఊళ్లో లేనప్పుడు రాత్రి పదకొండింటికి హాల్లో లైటెందుకు వెలిగింది?" ఈ ప్రశ్నలు పర్యావరణం పేరుతోనే మొదలవుతాయి. తర్వాత అవి వేరే దారి పడతాయి. ఇంట్లో పెట్టిన స్మార్ట్ పరికరాలతో భార్యలను భర్తలు, విడిపోయిన తర్వాత కూడా, గమనిస్తూ వేధించిన ఉదంతాలు అమెరికాలో 2018 నాటికే పత్రికలకెక్కాయి. అక్కడి ఆశ్రయ కేంద్రాలకు ఫోను చేసిన స్త్రీలు, ఇంట్లో ఏసీ తనంతట తాను ఆగిపోతోందని, దీపాలు తమంతట తాము ఆరి వెలుగుతున్నాయని చెప్పారు. తమకు మతి తప్పిందేమోనని భయపడ్డారు. పాస్‌వర్డు తెలిసిన మనిషి ఎక్కడినుంచో ఆడిస్తున్నాడు.

మన ఇళ్లలో ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఇక్కడి అమ్మానాన్నల ఇంటికి పరికరాలు పంపి, తన ఫోనులో చూసుకుంటాడు. ప్రేమతోనే చూస్తాడు. "నాన్నా, ఫ్యాను పొద్దుటినుంచి ఆగలేదు, బాగానే ఉన్నావా" అని అడుగుతాడు. ఆ ఫోను కాల్ కోసం ఎదురుచూసే తండ్రులున్నారు, వాళ్ల ఆనందాన్ని నేను కాదనను. కానీ తాను ఎప్పుడు లేస్తున్నదీ ఎప్పుడు పడుకుంటున్నదీ కొడుక్కి కనిపిస్తోందన్న సంగతి ఆ తండ్రికి ముందుగా చెప్పారా? ఒప్పుకున్నాడా? ఎనభై ఏళ్ల మనిషి తన ఇంట్లో తాను ఫ్యాను వేసుకోవడానికి జంకే రోజు రాకూడదు.

అద్దె ఇళ్ల సంగతి చూడండి. హైదరాబాద్‌లో అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్లలో గదికో సబ్‌మీటరు పెట్టడం కొత్తేమీ కాదు. ఆ సబ్‌మీటరు వైఫైదైతే, దాని యాప్ యజమాని ఫోనులో ఉంటే, ఏ గదిలో ఏ అమ్మాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి దీపం ఆర్పింది అతనికి చేతివేళ్ల మీద ఉంటుంది. అద్దె ఒప్పందంలో ఈ మాట ఒక్క వాక్యంగానైనా ఉండదు. అద్దెకు దిగే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నల్లా నీళ్ల గురించి, భోజనం గురించి అడిగినట్టే మీటరు గురించి కూడా అడగాలి: "ఇది ఫోనుకు కనెక్ట్ అవుతుందా? ఎవరి ఫోనుకు?"

ఇక బయటివాళ్ల సంగతి. 2016 అక్టోబరు 21న మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము దెబ్బకు అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. దానికి వాడిన సైన్యం ఇళ్లలో ఉన్న కెమెరాలు, రికార్డర్లు, రూటర్లు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మారకుండా అలాగే ఉండిపోవడమే తప్పు. అరవై పైచిలుకు యూజర్ పేర్లు, పాస్‌వర్డుల జాబితా ఒక్కటి చేతపట్టుకుని ఆ ప్రోగ్రాము లక్షల ఇళ్లలోకి దూరింది. 2024లో జపాన్‌లో సౌరవిద్యుత్ పర్యవేక్షణ పరికరాలు దాదాపు 800 దొంగల చేతికి చిక్కాయి, వాటి చాటున బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టారు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో కొన్ని ఇళ్ల సోలార్ ఇన్వర్టర్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. యంత్రం చెడలేదు. తయారీదారుకూ అక్కడి అమ్మకందారుకూ మధ్య తగాదా నడుస్తోంది, ఇన్వర్టర్లను దూరం నుంచే ఆపేశారు. మన దగ్గర పీఎం సూర్యఘర్ పథకం కింద కోటి ఇళ్ల డాబాల మీద సౌరపలకలు పెట్టాలని 2024లో నిర్ణయించారు. ఇన్వర్టరుకు వచ్చే వైఫై డాంగిల్ ఏ దేశపు సర్వరుతో మాట్లాడుతోంది, దాన్ని దూరం నుంచి ఆపగల తాళం ఎవరి దగ్గర ఉంది అని బిగించడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి అడగాలి.

మోసగాళ్లకు ఈ కొత్త లోకం బాగా నప్పింది. "కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి 9.30కి మీ కనెక్షన్ తీసేస్తాం" అని వచ్చే మెసేజ్ చూడనివాళ్లు తక్కువ. ఆ నంబరుకు ఫోను చేస్తే ఏదో యాప్ వేసుకోమంటారు, ఖాతా ఖాళీ అవుతుంది. స్మార్ట్ మీటరు, సోలార్ సబ్సిడీ, కర్బన పాయింట్లు అన్నవి అదే ఎరకు కొత్త రంగులు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ఎవరు పంపినా, చుట్టమే పంపినా, ఇన్‌స్టాల్ చేయకండి. మీ ఇంట్లో తగ్గిన కర్బనానికి మేం డబ్బులిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాడిని గుమ్మం దగ్గరే పంపేయండి. బిల్లు సందేహం ఉంటే విద్యుత్ సహాయ నంబరు 1912కు ఫోను చేయండి. డబ్బు పోయిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చేయండి. మొదటి గంటల్లో చేస్తేనే ఆ డబ్బును దారిలో ఆపే వీలు ఎక్కువ.

నిప్పు ప్రమాదం కూడా ఉంది, దీన్ని చిన్నగా తీసుకోవద్దు. బజారులో దొరికే స్మార్ట్ ప్లగ్గుల్లో చాలావాటి సామర్థ్యం పది ఆంపియర్లు. మూడు వేల వాట్ల గీజరు 230 వోల్టుల మీద పదమూడు ఆంపియర్లు లాగుతుంది. ఏసీ మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగవచ్చు. అలాంటివాటిని పది ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, గోడ సాకెట్టు నల్లబడుతుంది, ఆ పైన ఏమైనా కావచ్చు. గీజరుకు, ఏసీకి, మోటారుకు పదహారు ఆంపియర్లది, బీఐఎస్ గుర్తు ఉన్నది తప్ప వాడొద్దు. తాకి చూస్తే వేడిగా ఉన్న ప్లగ్గును మెయిన్ ఆపి ఇప్పుడే తీసేయండి. ఎంసీబీ పెట్టెలో క్లాంపు బిగించడం యూట్యూబ్ చూసి చేసే పని కాదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఇంత ప్రమాదం నెత్తికెత్తుకుంటే చేతికొచ్చే కర్బనం లెక్కైనా సరైనదా? సగం సరైనది. యాప్ చేసేది చాలా మటుకు ఒక గుణకారం: ఇన్ని యూనిట్లు, యూనిట్‌కు ఇంత. ఆ "ఇంత" ఏ దేశానిదో ముందు చూడాలి. జలవిద్యుత్తు మీద నడిచే నార్వే గుణకం పెడితే మన ఇల్లు పవిత్రంగా కనిపిస్తుంది. మన దేశపు సగటు పెట్టినా, సౌరవిద్యుత్ ఎక్కువగా ఉండే మధ్యాహ్నం యూనిట్‌నూ బొగ్గు మీదే ఆధారపడే రాత్రి యూనిట్‌నూ అది ఒకే కాటా మీద తూస్తుంది. నిజానికి మోటారును రాత్రి బదులు మధ్యాహ్నం వేసుకోవడంలో ఎంతో లాభం ఉంది, ఆ లాభం ఆ లెక్కలో కనపడదు.

కనపడనివి ఇంకా పెద్దవి. వంటగదిలో 14.2 కిలోల గ్యాస్ సిలిండరు అయిపోతే 42 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. స్కూటరులో కాలిన ప్రతి లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. ప్లగ్గుకు ఈ రెండూ తెలియవు. అన్నిటికన్నా దాగి ఉన్నది ఏసీలోని గ్యాస్. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక్క కిలో గాలిలో కలిస్తే అది 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుంది. అంటే నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు ఏడాదికి పైగా వాడిన కరెంటుకు సమానం. కొత్త ఏసీల్లోని ఆర్-32 అయినా కిలోకు 675 కిలోలతో సమానం. ఏసీ చల్లబడటం లేదని మెకానిక్ వచ్చి, పాత గ్యాసును డాబా మీద గాలికి వదిలేసి, కొత్తది నింపి పోతే ఆ రోజు కూడా యాప్‌లో పచ్చటి ఆకు బొమ్మే ఉంటుంది. ఏసీ ఉన్న ఇంటివాళ్లు ఈ ఒక్క సంగతి పట్టించుకుంటే పది స్మార్ట్ ప్లగ్గులు చేయలేని మేలు జరుగుతుంది. లీకు ఎక్కడుందో వెతికి మూయించకుండా గ్యాస్ నింపనివ్వకండి. పాత గ్యాసును సిలిండరులోకి తీసుకోమని అడగండి.

ఆ ప్లగ్గులూ ఊరికే కూర్చోవు. ఒక్కోటి ఒక వాటు లాగుతుందనుకున్నా పది ప్లగ్గులు ఏడాది పొడవునా ఎనభై ఏడు యూనిట్లకు పైగా తింటాయి, అరవై కిలోల కార్బన్ డయాక్సైడ్. ఈ పరికరాలు ఎన్నాళ్లు పనిచేస్తాయన్నది కూడా తయారుచేసినవాడి దయ. గూగుల్ 2009లో తెచ్చిన పవర్‌మీటర్‌ను 2011లో మూసేసింది. మైక్రోసాఫ్ట్ అదే పనికోసం తెచ్చిన హోమ్‌ను 2012లో మూసేసింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతే వేలమంది కొన్న పరికరాలు ఒక్క రోజులో మొద్దుబారాయి. అంతంత పెద్ద సంస్థలే మధ్యలో వదిలేసినప్పుడు పేరూ ఊరూ తెలియని బ్రాండు యాప్ మీద పిల్లల భవిష్యత్తు లెక్క రాసుకోలేం. అలా పోయిన ప్లగ్గులు చివరికి చేరేది ఈ-వ్యర్థాల కుప్పలోకే.

మరి కొలుచుకునేదెలా? మీ ఇంటి మీటరు దగ్గరికి వెళ్లండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుతూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుతుందో పక్కనే అచ్చువేసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క వస్తువు నడిపి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు మినుకిందో లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి పది మినుకులంటే ఆ వస్తువు దాదాపు 190 వాట్లు లాగుతోంది. అన్నీ ఆపినా దీపం మినుకుతూనే ఉంటే ఎక్కడో ఏదో తింటోంది, వెతకండి. పదేళ్ల పిల్లలు ఈ పని ఆటలా చేస్తారు, ఏ సర్వరుకూ ఒక్క అక్షరం పోదు. నెలాఖరున బిల్లు మీది యూనిట్లను 0.7తో, సిలిండర్లను 42తో, పెట్రోలు లీటర్లను 2.3తో హెచ్చవేసి క్యాలెండరు మీద రాసుకుంటే మీ ఇంటి లెక్క ఆ యాప్ లెక్కకన్నా నిండుగా ఉంటుంది. తగ్గించడానికి డెబ్భై అయిదు వాట్ల పాత ఫ్యాను బదులు ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రోజుకు పన్నెండు గంటల చొప్పున ఎనిమిది నెలలు తిరిగినా ఒక్క ఫ్యాను మీదే 130 యూనిట్ల దగ్గర మిగులుతుంది. ఏసీని ఒక్క డిగ్రీ పైకి పెడితే దాని ఖర్చులో ఆరు శాతం దాకా తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థే చెబుతోంది.

పరికరమే కావాలనుకుంటే తెర ఉన్న మామూలు ప్లగ్గు మీటరు తీసుకోండి, అది ఇంటర్నెట్ ఎరగదు. ఇంటర్నెట్ పరికరమే తప్పదంటే, సమాచారాన్ని ఇంట్లోనే దాచుకునే వీలున్నది వెతకండి. కొనేముందు దుకాణదారును అడగండి: ఇంటర్నెట్ తీసేస్తే ఇది పనిచేస్తుందా? నా సమాచారం చెరిపేయమంటే ఎవరిని అడగాలి? దీని సాఫ్ట్‌వేర్‌కు ఎన్నేళ్లు మరమ్మతులిస్తారు? జవాబు లేకపోతే కొనకండి. ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ రాత్రి చేయాల్సింది ఇది. ప్లగ్గులకూ, రూటరుకూ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చండి. రూటరులో అతిథుల వైఫై వేరుగా పెట్టి పరికరాలన్నీ దాని మీదికి మార్చండి, బ్యాంకు యాప్ ఉన్న ఫోను వాటితో కలవకూడదు. కర్బన యాప్‌కు మీరున్న చోటు, కాంటాక్టులు, మైకు అనుమతులు తీసేయండి. వాడనివాటిని గోడ నుంచి ఊడదీయండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ పరికరం ఏమేం చూస్తోందో చెప్పండి. ఒక్కరు వద్దన్నా తీసేయండి.

ఇంటి లోపల మనం చేయగలిగింది ఇంతే, మిగతాది ప్రభుత్వాలే చేయాలి. స్మార్ట్ మీటరు రీడింగు వినియోగదారుడి సొత్తని విద్యుత్ నియంత్రణ మండళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. బిల్లుకు అవసరమైనంత తప్ప అరగంట వివరాలు పేరుతో, సర్వీసు నంబరుతో దాచకూడదు. ఎన్నాళ్లకు చెరిపేస్తారో బిల్లు వెనుక అచ్చువేయాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసుకు గానీ, అనుమతి లేకుండా ప్రైవేటు సంస్థకు గానీ ఇవ్వకూడదు. వద్దనే ఇంటికి నెలకో రీడింగుతో సరిపెట్టే వీలుండాలి. బీఐఎస్ గుర్తు వైరింగుకే పరిమితం కాకుండా పాస్‌వర్డు భద్రతకూ వర్తించాలి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ పెడతాయి. అక్కడ ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, ఒక కాగితం మీద తెలుగులో రాసి పంపవచ్చు. అపార్ట్‌మెంటు సంఘాలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు, రిటైరైన లైన్‌మన్లు, ఇంజినీర్లు ఈసారి ఛార్జీలతో పాటు ఈ డిమాండ్లూ ఆ కాగితం మీద రాయాలి. ప్రకటన పత్రికల్లో వచ్చాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది వారాలే, కాగితం ఇప్పుడే సిద్ధం చేసుకోండి.